గోడలు తీసిన పూట

ఈ ఉదయం నుంచి బొబ్బిలి ఆకాశంలో ఒక పెళ్లి ఊరేగింపు సాగుతోంది. ఊరంతా తలెత్తి దాన్నే చూస్తోంది. మెడనొప్పికి డాక్టరు పట్టీ వేశాడు కాబట్టి నేను పైకి చూడలేను. నాకు వినిపించేది బ్యాండు చప్పుడు, కనిపించేది రోడ్డు మీద పాకుతున్న పల్లకి నీడ.

మా చెల్లెలు పైడితల్లికి సోమవారం గుండె ఆపరేషన్. దానికోసం ఇద్దరం దాచుకున్న డబ్బు తీసుకుందామని బ్యాంకుకు వస్తాం. మెట్ల దగ్గరే అది ఆగిపోతుంది.

"నువ్వెల్లక్కా. పెళ్లికూతురు ఇంకా ఇటు తిరగనేదు," అంటుంది పైకి చూస్తూనే.

లోపల కూలీలు వెనక గోడను చాపలా చుడుతున్నారు. ఇటుకలు చప్పుడు చెయ్యవు. మేనేజరు గోవర్ధనం గారు పక్కన నిలబడి, జాగ్రత్తగా చుట్టమని చెబుతున్నారు.

"గోడ ఎందుకు తీస్తన్నారు బాబూ?" అని అడుగుతాను.

"గోడ కాదమ్మా, నిబంధన. జనం దాచుకున్న డబ్బుతో బ్యాంకు పందేలు కాయకూడదని పాతవాళ్లు కట్టారు. ఇవాళ్టి నుంచి అక్కర్లేదని పైనుంచి ఆర్డరు వచ్చింది."

"మాకెవరూ సెప్పనేదే?"

"గుమ్మం ముందే గట్టిగా చదివి వినిపించామమ్మా. అప్పుడు బాణసంచా కాలుస్తున్నారు."

గోడ పోయిన చోట ఒక సంత ఉంది. అక్కడ కోట్లు తొడుక్కున్నవాళ్లు ఇంకా పడని వాన మీద, ఇంకా పుట్టని గేదెల మీద పందేలు కాస్తున్నారు. పందెం కాసిన ప్రతిసారీ మా బ్యాంకు నేల అటువైపు కొంచెం ఒరుగుతుంది. కౌంటర్లు జారుతున్నాయి. నేను స్తంభాన్ని వాటేసుకుంటాను. కూలీలు మర్యాదగా నా చేతులు విడిపించి, స్తంభాన్ని కూడా భుజాన వేసుకుని పోతారు. ఇనప్పెట్టెలో ఎప్పుడూ కొంత మిగిల్చి ఉంచాలన్న నిబంధనట అది.

తర్వాత తనిఖీ అధికారిని కుర్చీతో సహా ఎత్తుతారు. "నన్నెక్కడ దించుతారు?" అని ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ అడుగుతాడు. ఎవరికీ తెలియదు.

"నా డబ్బు నాకిచ్చెయ్యండి బాబూ. సెల్లికి ఆపరేషనుంది."

గోవర్ధనం గారి ముఖంలో నిజంగానే జాలి ఉంది. "ఏది మీదో ఏది మాదో చెప్పేది ఆ గోడేనమ్మా. చుట్టేశాం కదా."

బయటికి వచ్చి చెల్లెలి భుజం పట్టి కుదుపుతాను.

"ఒలే, కిందకి సూడే! బ్యాంకు పట్టుకుపోతన్నారు!"

"బ్యాంకెక్కడికి పోతాదక్కా? రేపు సూద్దాంలే. పట్టుచీర రంగు మారిపోతంది, సూడు."

పాలమ్మే సన్యాసమ్మను లాగుతాను. ఆటోవాళ్లను, కానిస్టేబుల్‌ను లాగుతాను. వీళ్లందరి డబ్బూ ఇక్కడే ఉంది. ఒక్కరి గడ్డమూ దిగదు. వాళ్ల మెడలు అప్పుడే కొంచెం పొడుగయ్యాయి.

నేను తిరిగి వచ్చేసరికి గడప ఒక్కటే మిగిలింది. వెళ్లి దాని మీద కూర్చుంటాను.

"లేవండమ్మా, ఇదే చివరిది," అంటారు గోవర్ధనం గారు.

"ఇదేం నిబంధన?"

"బ్యాంకు మునిగితే ముందుగా మీలాంటివాళ్లని ఒడ్డుకు చేర్చాలని."

"అయితే నేను లెగను."

"కూర్చోండమ్మా. ఇక్కడ కూర్చోకూడదన్న నిబంధన కూడా తీసేశాం."

కూలీలు నన్ను కదపకుండానే నా కిందనుంచి గడపను లాగేస్తారు. నేను కూర్చునే ఉన్నాను. దేని మీదో తెలియక చేత్తో తడుముతాను. మట్టి కాదు. పసిపిల్లల పంటి చిగురులా మెత్తగా, వెచ్చగా, తడిగా ఉంది.

రోడ్డుకు రెండు వైపులా పాలపళ్లు మొలుస్తున్నాయి. ముందు బియ్యపు గింజలంత, చూస్తుండగానే మైలురాళ్లంత. నేను పాక్కుంటూ పైడితల్లి దగ్గరికి వెళ్లి, లేచి, దాని గడ్డం పట్టుకుని బలంగా కిందికి వంచుతాను. మెడ దిగుతుంది. చూపు దిగదు. నల్లగుడ్లు పైరెప్పల వెనకే ఉండిపోతాయి.

"అక్కా, నేల ఎచ్చగా ఉందేటి?" అంటుంది.

దాని చెయ్యి గట్టిగా పట్టుకుంటాను. మా పాదాల కింద నేల నెమ్మదిగా మింగడం నేర్చుకుంటోంది.