ఎడమ చెంప

“నువ్వొచ్చి ఒక్కసారి చెయ్యి పెడితే సర్దుకుంటుంది సిరాన్ జాన్. గంట పని,” అన్నాడు వహాన్ ఫోనులో.

ముప్పై ఏళ్ల కాపురంలో “గంట పని” అన్న మాటకు సిరానుష్ తనకు తానే ఒక అర్థం చెప్పుకుంది. అది పని ఎంతసేపు పడుతుందో చెప్పే మాట కాదు. ఆ సమయం ఎవరిదో చెప్పే మాట. ఆమె అప్పుడు గ్లెండేల్‌లోని తమ ఇంటి వంటగదిలో కూర్చుని, ఉడికించిన ద్రాక్షాకుల్లో బియ్యం, కీమా కలిపిన ముద్దను పెట్టి వేలెడంత చుట్టలుగా చుడుతోంది. ఎదురుగా అత్తగారు అర్షలుయిస్, నాలుగు కాళ్ల ఊతకర్రను పక్కన నిలబెట్టుకుని, చుట్టలు సన్నగా వస్తున్నాయో లావుగా వస్తున్నాయో గమనిస్తున్నారు. మార్చి నెలలో ఆవిడ తుంటి ఎముక విరిగింది. అప్పటినుంచి పగలంతా ఇంటిపట్టున ఎవరుండాలన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు. ప్రశ్న రాకుండానే జవాబు అమల్లోకి వచ్చింది.

“ఏమంటున్నాడు?” అన్నారు అత్తగారు.

“స్టూడియోకి రమ్మంటున్నాడు అత్తయ్యా. కొత్తాయనకి ముఖం కుదరలేదట.”

“మరి వెళ్లు. వాడు పదిమందిలో తల దించుకుని నిలబడితే నువ్విక్కడ ఆకులు చుట్టుకుంటూ కూర్చుంటావా? ఇవి నేను చూసుకుంటాలే,” అన్నారావిడ, ఒళ్లోంచి చేతులు తియ్యకుండానే.

ముఖమంటే బూడిద రాజు ముఖం. పిల్లల బొమ్మల పుస్తకాల్లో అరవై ఏళ్లుగా ఊళ్లు తగలబెడుతున్న ఆ ప్రతినాయకుడిని ఎమ్రిస్ కాల్డర్ మూడు సినిమాల్లో, పదకొండేళ్లపాటు ఆడాడు. నాలుగో సినిమా కథ సిద్ధమయ్యాక, ఒక మధ్యాహ్నం తన తోటలో కుర్చీలో కూర్చునే చనిపోయాడు. స్టూడియోవాళ్లు కొన్నాళ్లు తటపటాయించారు. పాత్రనే చంపేద్దామన్నారు, ఆయన ముఖాన్ని కంప్యూటరులో బతికిద్దామన్నారు, ఆయన కూతురు ససేమిరా అంది. చివరికి మరో మనిషిని వెతకడమే మిగిలింది. నలభైమంది నటులు వచ్చి కెమెరా ముందు నిలబడి, నలభైమందీ ఒకే పని చేశారు. పెదవి కుడి మూల కాస్త పైకి లేపి, ఎడమవైపు ఒక్క క్షణం ఆలస్యంగా, అయిష్టంగా కదిలేలా సగం నవ్వు నవ్వారు. బూడిద రాజు అంటే లోకానికి ఆ నవ్వే. విమర్శకులు దాని మీద పేజీలు రాశారు. క్రూరత్వానికి కూడా సిగ్గుంటుందని ఆ చెంప చెబుతోందని ఒకాయన రాశాడు. ఆ వాక్యం చదివిన రోజు సిరానుష్ పత్రికను మడిచి, చాలాసేపు సింకు దగ్గర నిలబడిపోయింది.

ఎందుకంటే ఆ చెంప ఏమీ చెప్పలేదు. ఆ చెంప కదలదు, అంతే.

స్టూడియో ఉన్న బర్‌బ్యాంక్ వైపు కారు నడుపుతూ ఆమె ఆ మొదటి ఉదయాన్ని గుర్తుచేసుకుంది. మొదటి సినిమా షూటింగు మొదలయ్యే రోజు, నాలుగున్నరకే మేకప్ కుర్చీలో వచ్చి కూర్చున్న ఎమ్రిస్ ముఖం మీద ఆమె అలవాటుగా రెండు అరచేతులూ ఆనించి, “ఒకసారి నవ్వండి,” అంది. కుడి అరచేతి కింద ఏమీ కదలలేదు. ఎదురుగా కూర్చున్న మనిషికి అది ఎడమ చెంప. ఆయన ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పాడు: బీమావాళ్ల డాక్టరు పరీక్ష చేసి వెళ్లిన మూడో రోజున నిద్ర లేచేసరికి సగం ముఖం పడిపోయింది, నరం వాపు, కొన్నాళ్లకు తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. “ఈ సంగతి తెలిస్తే సాయంత్రానికి నా కుర్చీలో ఇంకొకడుంటాడు సిరానుష్. ఇరవై ఏళ్లు చిన్నా చితకా వేషాలు వేశాక వచ్చిన పాత్ర ఇది. ఎవరికీ చెప్పకు. మీ ఆయనకి కూడా.” ఆమె ఆలోచించడానికి సమయం తీసుకోలేదు. ముఖం తొడుగులో ఎడమ చెంప ముక్కను వెనకనుంచి పల్చగా కోసి, తూనీగ రెక్కంత సన్నటి జాలీ గుడ్డ పీలికను కుడి పెదవి మూలనుంచి కింది పెదవి అడుగుగా తీసుకెళ్లి ఎడమ చెంపకు అంటించింది. కుడివైపు కదిలితే ఆ పీలిక ఎడమవైపును లాగుతుంది. కాస్త ఆలస్యంగా, కాస్త తక్కువగా. ఆయన అద్దంలో నవ్వి చూసుకున్నాడు. అప్పటినుంచి ఆ తొడుగు లేకుండా ఆయన ఎవరి ముందూ నవ్వేవాడు కాదు; గంభీరమైన మనిషని అందరూ సరిపెట్టుకున్నారు. మూడు సినిమాలకూ ప్రతి ఉదయం ఆ పీలికను ఆమె కొత్తగా కోసేది, ఎందుకంటే ఆ చెంప ఏ రోజు ఎంత మొండికేస్తుందో తెల్లారితేగానీ తెలిసేది కాదు. వహాన్, ఆమె కలిసి నడిపే మేకప్ షాపులో ముఖం పుస్తకమని ఒకటుంటుంది. ఏ ముక్క తర్వాత ఏ ముక్క, ఏ జిగురు, ఏ రంగు అన్నీ ఫోటోలతో సహా అందులో ఉంటాయి. పీలిక సంగతి అందులో లేదు. ఆమె రాయలేదు.

ఆ సగం నవ్వు వహాన్‌ది ఎలా అయిందో కూడా ఆమెకు మెట్టు మెట్టుగా తెలుసు. మొదటి సినిమా నాటికి ఆమె పేరు మేకప్‌వాళ్ల సంఘంలో నమోదు కాలేదు. ఇంట్లో ఒక్కరు నమోదైతే చాలదా అన్నారు అత్తగారు. కాబట్టి తెరమీద షాపు పేరు పడింది, షాపుకు వహాన్ పేరు ఉంది. రెండో సినిమాకు పాత కాగితాలనే తిరిగి టైపు చేశారు. మూడో సినిమాకు బహుమతి వచ్చినప్పుడు వేదిక మీదికి ఒక్కరే రావాలన్నారు. ఎవరు వెళ్లాలో అడగవలసిన అవసరం కనబడలేదు. పత్రికలవాళ్లతో మొదట్లో వహాన్ “మా షాపులో తయారైంది” అనేవాడు, తర్వాత “నేను చేశాను” అన్నాడు, చివరికి ఆ నవ్వు తనకు కలలో కనిపించిందన్నాడు. అతను అబద్ధమాడాడని సిరానుష్ ఎప్పుడూ అనుకోలేదు. ఎవరూ తనదని చెప్పని వస్తువు ఇంట్లో ఉంటే, అది ఇంటి యజమానిదని అతను నిజంగానే నమ్మాడు. “మొగుడి పేరు పెరిగితే నీది పెరిగినట్టు కాదుటే అమ్మాయ్?” అన్నారు అత్తగారు ఆ రాత్రి భోజనాల దగ్గర. ఎమ్రిస్ కూడా బహుమతి సభలో వహాన్‌కే కృతజ్ఞతలు చెప్పాడు. మరునాడు ఆమెకు పూలు పంపాడు, కార్డు మీద సంతకం లేకుండా.

స్టూడియోలో చిన్న తెర గదిలో ముగ్గురున్నారు. నిర్మాత లెనోర్, వహాన్, కొత్త నటుడు టోబిన్ వేల్. టోబిన్ ముఖం మీది తొడుగు సగం ఊడదీసి ఉంది. దవడ దగ్గర జిగురుకు చర్మం మండి ఎర్రగా కందింది. వహాన్ చేసినదేమిటో ఆమెకు చూడగానే అర్థమైంది. ఎనిమిది వారాల్లో షూటింగు. కొత్త మనిషి తల అచ్చు తియ్యడానికి, దానిమీద కొత్తగా మట్టితో ముఖం దిద్దడానికి సమయం దండగ అనుకుని, ఎమ్రిస్ తల మీద దిద్దిన పాత అచ్చుల్లోంచే ముక్కలు పోసి ఇతనికి అంటించాడు. అచ్చు ఉంటే ముఖం ఉన్నట్టే అనుకోవడం ఈ వృత్తిలో మొదటి ఏడు నేర్చుకునేవాళ్లు చేసే తప్పు. ముప్పై ఏళ్ల తర్వాత దాన్ని చెయ్యాలంటే, ముప్పై ఏళ్లూ అంటించే పని మరొకరు చేసి ఉండాలి.

టోబిన్‌తో తీసిన పరీక్ష చిత్రంలో, తెర మీద బూడిద రాజు నవ్వాడు. ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషి మూతి వంకర పెట్టాడు.

“అన్నీ ఉన్నాయి. ప్రాణం లేదు,” అంది లెనోర్.

“జిగురు కాస్త ఎక్కువైంది, అంతే. మా ఆవిడ సర్దేస్తుంది,” అన్నాడు వహాన్.

“నా వల్లేనండీ,” అన్నాడు టోబిన్. “మూడు నెలలు అద్దం ముందు కూర్చున్నాను. ఆయన సినిమాలు ఆపి ఆపి చూశాను. మా అమ్మ ఫోన్ చేసి, మామూలుగా నవ్వడం మర్చిపోయావేంట్రా అంటోంది.”

లెనోర్ కుర్చీ తిప్పుకుంది. “సిరానుష్ గారూ, పదకొండేళ్లు రోజూ నాలుగేసి గంటలు ఆ ముఖం ముందు కూర్చున్నది మీరు. ఆయన ముఖంలో ఏముంది? మీకు తెలుసా?”

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆమెను అడిగినవాళ్లు లేరు. ఒక్క వాక్యం చాలు. ఆ చెంప పడిపోయింది, దాన్ని లేపింది నేను. ఆ వాక్యంతో పదకొండేళ్ల పని ఒక్కసారిగా ఆమెదవుతుంది, వహాన్ కల అక్కడికక్కడే ఆవిరవుతుంది. కానీ కారణం వెనక నడిచే ఫలితాన్ని కూడా చూడటం ఆమెకు అలవాటు. రేపటికి పత్రికల్లో అదే వస్తుంది; కళ అని రాసినవాళ్లు జబ్బు అని రాస్తారు; కంటితో, మెడతో, గొంతుతో ఎమ్రిస్ చేసినదంతా ఆ నరం కింద సమాధి అవుతుంది; బీమావాళ్లు ఆయన కూతురి గుమ్మం ఎక్కుతారు. తన పనికి ఉన్న ఒకే ఒక రుజువు ఆయన రహస్యమే. ఆ అరనిమిషంలో, ఇన్నాళ్లూ ఒకటే అనుకున్న మౌనం నిజానికి రెండని ఆమెకు తెలిసింది. ఒకటి ఆమె ఒక మనిషికి ఇచ్చిన మాట. అడిగాడు, ఒప్పుకుంది, నిలబెట్టింది. రెండోది ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ ఇవ్వలేదు. ఇంట్లో గాలిలా పేరుకుంది. మొదటి దాన్ని కాపాడుకోవడానికి రెండోదాన్ని కూడా మొయ్యాలని ఎక్కడా లేదు.

“తెలుసు,” అంది. “చెప్పను. అది ఆయనది, ఆయనతో పోయింది. మీరు దాన్ని వెతకడం మానెయ్యండి.” తర్వాత టోబిన్ వైపు తిరిగింది. “మీరు కూడా ఆ నవ్వు మానెయ్యండి. అది మీ ముఖంలో లేదు. ఎంత సాధన చేసినా రాదు, అందులో మీ తప్పేమీ లేదు.”

“మరి మాకు రాజు కావాలి కదా,” అంది లెనోర్.

“కావాలంటే చేస్తాను. ఈయన ముఖం మీద, మొదటినుంచి, నా ఊహతో. బూడిద ఉంటుంది, కిరీటం ఉంటుంది, ఆ నవ్వు ఉండదు. తెరమీద ముఖ రూపకల్పన అని నా పేరు ఒక్కటే పడాలి. షాపు పేరు దాని కింద.”

లెనోర్ గోడమీది కాలెండరు చూసి సరేనంది. న్యాయం ఆమెను ఒప్పించలేదు, ఎనిమిది వారాలు ఒప్పించాయి. సిరానుష్‌కు ఆ తేడా తెలుసు. దానివల్ల తనకు వచ్చే లోటు లేదని కూడా తెలుసు.

కారిడారులో వహాన్ ఆమె మోచేయి పట్టుకున్నాడు. “పరాయివాళ్ల ముందు నీది నాది అని పంచుకుంటావా? మనింట్లో ఈ లెక్క ఎప్పుడొచ్చింది?”

“పంచుకోవడం ఇవాళే మొదలైంది. అంతకుముందు అంతా నీ దగ్గరే ఉంది కదా.”

“పోనీ నాకైనా చెప్పు. ఏముంది అందులో?”

“కలలో కనిపించిందన్నావు కదా వహాన్. మళ్లీ పడుకుని చూడు.”

అతని ముఖం పాలిపోయింది. ఆమెకు జాలి వేసింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

“మొగుడికి కూడా చెప్పవా?” అన్నాడు నెమ్మదిగా.

“పదకొండేళ్లలో మొగుడు ఒక్కసారైనా అడిగాడా?”

అతను ఆమె మోచేయి వదిలాడు. అడగలేదన్న సంగతి అతనికి అప్పుడే తెలిసినట్టుంది.

ఆ వారం అత్తగారిని చూసుకోవడానికి పగటిపూట ఒక నర్సు వచ్చింది. నర్సుకు ఆకులు చుట్టడం రాదని ఆవిడ రోజూ ఫోన్ చేసి చెప్పేవారు. “నేర్పండి అత్తయ్యా, మీకు వచ్చు కదా,” అంది సిరానుష్. అవతల గిన్నె జరిపిన చప్పుడైంది. తర్వాత, “ఉప్పు ఎంత వేస్తున్నావు నువ్వు?” అని వినబడింది.

శుక్రవారం ఉదయం షాపులో టోబిన్ తల అచ్చు తియ్యడానికి సిద్ధం చేశారు. అచ్చు తీసేటప్పుడు కళ్లు, చెవులు, నోరు అన్నీ మెత్తటి అచ్చు ముద్ద కింద మూసుకుపోతాయి. ముక్కు రంధ్రాలు మాత్రం తెరిచి ఉంచుతారు. ఇరవై నిమిషాలు ఆ మనిషి చీకట్లో, చప్పుడు లేకుండా కూర్చోవాలి. భయపడితే చెప్పడానికి నోరుండదు కాబట్టి ఒకరు పక్కన స్టూలు వేసుకుని అతని చెయ్యి పట్టుకుని కూర్చోవడం అన్ని షాపుల్లోనూ ఆచారం. రెండుసార్లు నొక్కితే వెంటనే తీసెయ్యాలి. ఆ షాపులో గిన్నె పట్టుకుని ముద్ద పూసేది వహాన్, చెయ్యి పట్టుకునేది సిరానుష్. గోడమీద ఉన్న ముప్పై ఏళ్ల ఫోటోలన్నిటిలో అతను నిండుగా నిలబడి ఉంటాడు. అంచున ఎక్కడో ఒక ఆడమనిషి మణికట్టు కనిపిస్తుంది.

వహాన్ అలవాటుగా గిన్నె కోసం చెయ్యి చాచాడు. గిన్నె అప్పటికే ఆమె చేతిలో ఉంది. ఆమె ముద్దను కలిపి, గిన్నె బల్ల మీద పెట్టి, టోబిన్ రెండు చెంపల మీదా అరచేతులు ఆనించి, “ఎవర్నీ తలుచుకోకుండా ఒకసారి నవ్వండి,” అంది. అతను కాస్త సిగ్గుపడి నవ్వాడు. రెండు అరచేతుల కిందా రెండు చెంపలూ ఒక్కసారే లేచాయి. మంచి మనిషి నవ్వు అది; ఊళ్లు తగలబెట్టేవాడికి అలాంటి నవ్వుంటే చూసేవాళ్లకు ఎలా ఉంటుందో ఆమెకు ఆ క్షణంలోనే కనిపించింది. మొదటి చారెడు ముద్దను అతని నుదుటి మీద పరిచి, వెనక్కి తిరగకుండానే అంది.

“వహాన్, స్టూలు లాక్కుని కూర్చో. ఈయన చెయ్యి పట్టుకో.”