రెండు వేళ్ళు జరిగిన గుంజ

మొదటి తెడ్డు దెబ్బకు మాల్యాద్రి ఎడమ చెవి గుడిగంటలా మోగింది. రెండో దెబ్బకు పన్నొకటి ఊడి పులికాట్ సరస్సులో పడింది. మునిగేముందు అది కాసేపు ఆలోచించింది కూడా. మోకాళ్ళలోతు నీళ్ళలో రెండు పల్లెల మగాళ్ళంతా ఒకరినొకరు ముంచుకుంటున్నారు. ఇదంతా ఒక బొమ్మ గురించి.

బొమ్మ వేసినాయన హైన్రిక్, జర్మనీ మనిషి. ఆ పేరు పల్లెలో రెండు రోజులు కూడా నిలవలేదు. ఎండకు ఉడికిన పీతలా ఎర్రబడ్డ ఒళ్ళు చూసి ఎండ్రకాయ సారు అనేశారు. ముప్పై ఏళ్ళు ఇటలీ కొండలు గీసి, అక్కడ గీయని రాయి మిగలక, అరవయ్యో ఏట వచ్చి మాల్యాద్రి ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. పాతకాలపు పద్ధతి ఆయనది. ఒక పక్క పెద్ద చెట్టు, నడుమ నీళ్ళు, వెనక కొండ, చీమంత మనుషులు ఉండి తీరాలి. ఇక్కడ ఒడ్డున కొండ లేకపోతే ఆయనే పెట్టాడు. దూరాన మసగ్గా కనిపించే కృష్ణపట్నం కరెంటు ప్లాంటు పొగగొట్టాలను విరిగిన గుడి స్తంభాలు చేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత, ఎడమ పక్క బొమ్మ బరువెక్కిందని, రెండు పల్లెల నీళ్ళకు హద్దుగా పాతిన సరుగుడు గుంజను బొమ్మలో రెండు వేళ్ళు కుడికి జరిపాడు.

ఎవరు ఎక్కడ వల కట్టాలో ఏటేటా పల్లెలో చీటీలు వేసి తేలుస్తారు. ఆ వంతునే పాడు అంటారు. గుంజ పక్క చోటు రొయ్యలు వచ్చే దారి. పదకొండేళ్ళు చీటీ తీసి పదకొండేళ్ళూ బురదే దక్కిన మాల్యాద్రికి ఈ ఏడు ఆ చోటు వచ్చింది. బొమ్మ ప్రకారం మాత్రం అది అవతలి పల్లె పెద్ద చెంచురామయ్యది.

ఎండ్రకాయ సారు చెయ్యి చాచి, పెన్సిలు నిలబెట్టి, ఒక కన్ను మూసి కొలవడం రెండు పల్లెలూ చూశాయి. అట్లా కొలిచేది సర్వేయర్లే. అందులోనూ జర్మనీ సర్వేయరంటే వెంట్రుకంత తప్పు కూడా రాదు.

మరి ఆ కొండ యాడుందని మాల్యాద్రి నిలదీశాడు.

"దూరంగా ఉంటాదిలే అబ్బయా. నువ్వెప్పుడన్నా పోయి చూసినావా?" అన్నాడు చెంచురామయ్య.

మర్నాడే చెంచురామయ్య వల తెచ్చి గుంజకు ఇవతల కట్టాడు. మాల్యాద్రి దాన్ని కత్తితో కోశాడు. తెడ్లు లేచాయి.

గంటలో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఒకడి ముక్కు చెంప మీదికి మారింది. మాల్యాద్రి పల్లె జయకుమార్ మోచెయ్యి వెనక్కి తిరిగి, తన వీపు తనే హాయిగా గోక్కునే సదుపాయం ఏర్పడింది. చెంచురామయ్య మాల్యాద్రి రొమ్ము మీద కూర్చుని, తల నీళ్ళలో పెట్టి అదిమాడు. ఊపిరి ఆగిపోతుంటే మాల్యాద్రి చేతికి ఏదో కర్ర తగిలింది. పెరికి కొట్టాడు. చెంచురామయ్య భుజం ఎముక ఎండుకొమ్మలా విరిగింది. ఆ కర్ర తిరుగుతుంటే అవతలి పల్లె మొత్తం ఒడ్డుకు పరిగెత్తింది. గెలిచారు.

"ఒరే మాల్యాద్రీ, నీ చేతిలో ఉండేది గుంజ కదరా?" అన్నాడు జయకుమార్.

గుంజే. అది ఉన్న గుంతను బురద అప్పుడే మూసేసింది. ఎక్కడ పెరికాడో వెయ్యి కాళ్ళు తొక్కిన ఆ నీళ్ళలో ఎవరికీ తెలియలేదు.

రెండు పల్లెల పెద్దలూ కూర్చున్నారు. మిగిలిన సాక్ష్యం బొమ్మ ఒక్కటే. అందులో గుంజను జరిపింది తానేనని ఎండ్రకాయ సారు వచ్చీరాని తెలుగులో మొత్తుకున్నాడు. మాల్యాద్రి ఇంట్లో ఉంటూ ఇంకేం చెప్తాడని పెద్దలు నవ్వారు. బొమ్మ చూసి గుంజ పాతించారు. రొయ్యల దారి చెంచురామయ్యకు పోయింది.

మాల్యాద్రి తెడ్డు పట్టుకుని ఇంటికి వచ్చాడు. సారు అరుగు మీద బ్రష్షులు కడుగుతున్నాడు.

"ఏ చేత్తో జరిపినావు సారూ?"

ఎండ్రకాయ సారు అబద్ధం ఆడలేని మనిషి. కుడి చెయ్యి చాచాడు.

ఒక్క దెబ్బకే మణికట్టు విరిగింది. తర్వాత మాల్యాద్రి ఆయన్ని రెండు చేతులా ఎత్తి పడవలో పడుకోబెట్టి, అవతలి ఒడ్డు ఆసుపత్రికి తెడ్డు వేశాడు. దారిలో ఇద్దరూ ఏడ్చారు.