నోటీసు బోర్డెక్కిన రహస్యం

నేను ఒక ఆల్-ఇన్-వన్ లేజర్ ప్రింటర్‌ని. నా మూత కింద ఉండాల్సిన పదో తరగతి ప్రశ్నపత్రం, తెల్లారితే పరీక్ష అనగా, అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద నాలుగు గుండుపిన్నులతో వేలాడుతోందని ప్రసూన కనిపెట్టిన ఉదయం, ఈ ఇంట్లో పొయ్యి మీది పాలు పొంగిపోతున్నా దింపే నాథుడు లేకపోయాడు.

నేరం జరిగింది ముందురోజు మధ్యాహ్నం. కానీ దానికి పునాది పడింది అంతకు ఎనిమిది నెలల ముందు, తెనాలిలో ఒక కంప్యూటర్ షాపులో. అక్కడి నుంచే చెబుతాను.

నేను పుట్టింది సముద్రాల అవతల. పుట్టగానే నా చేత ఒక కాగితం అచ్చు కొట్టించి, పాసయ్యానని చీటీ అంటించి, థర్మాకోల్ దిండ్ల మధ్య పడుకోబెట్టారు. ఓడలో చెన్నై, లారీలో తెనాలి. షాపు అలమరలో రెండు నెలలు దుమ్ము తిన్నాక, ఒక ఆదివారం ఆ ముగ్గురూ వచ్చారు.

ముందు నడిచింది ఫణీంద్ర. బీమా కంపెనీ ఉద్యోగి. ఏ ప్రింటరు కొనాలా అని మూడు వారాలు ఫోనులో వీడియోలు చూసి, కాగితం మీద గళ్లు గీసుకుని మరీ వచ్చాడు. వెనకే అతని భార్య ప్రసూన. పదకొండేళ్లు సైన్సు పాఠాలు చెప్పి, గొంతు దెబ్బతిని బడి మానేసింది. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని మూడు స్కూళ్లకు ప్రశ్నపత్రాలు టైపు చేసి, అచ్చువేసి ఇస్తోంది.

“నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు పది నిమిషాలు కూర్చుని లేచిపోయారు. దీనికి మూడు వారాలా?” అంది ఆవిడ.

“నీకు వారంటీ లేదు కదోయ్, చూసి లాభమేంటి?” అన్నాడు ఫణీంద్ర.

షాపతను నవ్వి, రంగుల ప్రింటరు ఒకటి చూపించాడు. ప్రసూన దానివైపు కన్నెత్తి చూడలేదు. “ప్రశ్నపత్రానికి రంగులెందుకు బాబూ? రంగులు మారేది పిల్లల మొహాలు,” అంది. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం, ఫణీంద్ర గీసుకొచ్చిన ఏ గడిలోనూ లేదు. “వేసవి సెలవుల్లో రెండు నెలలు ముట్టుకోకపోతే ఏమవుతుంది?”

ఆవిడకు ముందున్నది ఇంకు ప్రింటరట. ఎండాకాలం సెలవుల్లో ఇంకు గడ్డకట్టి, జూన్‌లో మొదటి పరీక్షల వేళకు ప్రాణం వదిలిందట.

“లేజరు కదండీ, లోపల ఇంకు ఉండదు, పొడి ఉంటది,” అన్నాడు షాపతను. “పొడి ఎండేదేముందండీ? అది ఎండే పుట్టింది.”

ఆ ఒక్క ముక్కతో ప్రసూన నన్ను ఖాయం చేసుకుంది. మా జాతిలో నాకంటే చిన్నవాడు ఒకడు పక్కనే ఉన్నాడు. వాడికి ఒక్కటే నోరు. మూత ఎత్తి, అద్దం మీద కాగితం బోర్లించాలి. నాకు రెండో నోరు కూడా ఉంది. నెత్తిమీద కాగితాల దొంతర పెడితే ఒక్కొక్కటే నేనే లాక్కుంటాను.

“నాకొచ్చేవి ఒకటీ రెండూ పేజీలు. అద్దం చాలు,” అంది ప్రసూన.

“రేపు వంద పేజీలు వస్తే?” అన్నాడు ఫణీంద్ర.

మనుషులు ఉన్న పనికి కాక, రాని పనికి వస్తువు కొంటారు. ఆ రాని వంద పేజీల పుణ్యమా అని రెండు నోళ్లవాణ్ణి నేను గెలిచాను.

మూడో మనిషి అంతవరకు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఫణీంద్ర తండ్రి, పానకాలరావు. ఆర్టీసీ డిపోలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైనవాడు. బేరం ముగిసే వేళకు ముందుకొచ్చి ఒక్కటే అడిగాడు. “జిరాక్సు వచ్చుద్దా?”

“వచ్చుద్దండీ.”

“మూడు సెట్లు?”

“తొంభై తొమ్మిది దాకా వస్తాయండీ.”

ముప్ఫై ఆరేళ్ల నౌకరీలో సెలవు చీటీ కూడా మూడు సెట్లు లేకుండా పంపని మనిషి ఆయన. ఆ మాట విని నా వంక చూసిన చూపు, పెళ్లి పందిట్లో తెర తీసినప్పుడు పెళ్లికొడుకు కూడా చూడడు.

ఇంట్లో నాకు బాల్కనీకి అద్దాలు బిగించి చేసిన గది ఇచ్చారు. మూత మీద కుంకుమబొట్టు పెట్టారు. పాత లంగా కత్తిరించి గలీబు కుట్టారు. అందరి ఇళ్లలోలాగే ఇక్కడా నాకు పెట్టిన మొదటి ముద్ద ఆధార్ కార్డే. పానకాలరావుది. మూడు కాపీలు.

ఆ మర్నాడే హెడ్‌మిస్ట్రెస్ సంపూర్ణమ్మగారు వచ్చింది. ప్రసూనకు పనిచ్చే మూడు స్కూళ్లకూ పరీక్షల పెత్తనం ఆవిడదే. అంతకు ముందు సంవత్సరం బజారులో అచ్చు వేయిస్తే పేపరు బయటికి పొక్కిందట. అందుకని ప్రసూన చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది: ఈ యంత్రాన్ని నేను తప్ప ఇంట్లో ఎవరూ ముట్టరు.

సంతకం ఆరకముందే ప్రసూన ఇంట్లో చట్టం చేసింది. మూడు వారాలు వీడియోలు చూసి ఫణీంద్ర ముచ్చటపడిన వైఫైని ఆ రోజే ఆపేసింది. పానకాలరావు గుమ్మంలో నిలబడి అడిగాడు. “అంటే... జిరాక్సు కూడానా అమ్మాయ్?”

“జిరాక్సు కూడా, మామయ్యా.”

ఆయన మూడు రోజులపాటు మజ్జిగలో ఉప్పెక్కువైందన్నాడు.

ఎనిమిది నెలలు బ్రహ్మాండంగా గడిచాయి. ఆ పని మీద వచ్చిన ధైర్యంతోనే ప్రసూన ‘నేను బడి మానేశాను’ అనడం మానేసి, ‘నాకు ఆఫీసుంది’ అనడం మొదలుపెట్టింది. అద్దాల బాల్కనీలో ఒక కుర్చీ, ఒక బల్ల, నేను. అదే ఆఫీసు. అయితే ఏం? తలుపు మీద తన పేరు రాసుకుంది.

ఆ ముందురోజు మధ్యాహ్నం సంగతి. పదో తరగతి ప్రీ-ఫైనల్ భౌతికశాస్త్రం. మాస్టారు చేత్తో రాసిచ్చిన మూడు పేజీలను టైపు చేసింది. మూడో పేజీలోని విద్యుత్ వలయం బొమ్మను నా అద్దం మీద పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించింది. సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కరు నాలుగో కూత వేసింది. పరుగెత్తింది. తిరిగొచ్చి, అచ్చు ముగించి, కట్టలకు సీలు వేసి, చేతిలో ఉన్న రాతపేజీలను చించి బుట్టలో వేసి, స్కూలుకు బయల్దేరింది. చించినవి రెండే. మూడోది నా మూత కింద బోర్లా పడుకుని ఉంది.

మా జాతి కొన్నవాళ్లలో ఈ తప్పు చేయనివాళ్లు లేరు. కాపీ చేతికి రాగానే అసలును మరిచిపోతారు.

ఆవిడ వెళ్లిన పావుగంటకు గదిలోకి ఒకరు వచ్చారు. ఎవరన్నది ఇప్పుడే చెప్పను. వచ్చిన మనిషి తన కాగితాన్ని నా నెత్తిన, పై నోటి దగ్గర, తాంబూలం పెట్టినంత మెత్తగా పెట్టాడు. అక్కడే వచ్చింది చిక్కు. లోపలి మీటకు తగిలేదాకా నెడితేనే పైన కాగితం ఉందని నాకు తెలుస్తుంది. తగలకపోతే పై నోరు ఖాళీ అనుకుని, కింద అద్దం మీద ఏముంటే అదే చదువుతాను. అది నా ధర్మం. నాలుగు అంకె నొక్కాడు. నాలుగు కాపీలు తీశాను. వేడివేడివి, తన కాగితంతో సహా చంకన పెట్టుకుని, నా గలీబు సవరించి మరీ వెళ్లాడు.

మర్నాడు ఏడింటికి పెరుగు ప్యాకెట్టు కోసం కిందికి దిగిన ప్రసూన, లిఫ్టు పక్కనున్న బోర్డు మీద ఆ విద్యుత్ వలయాన్ని చూసింది. లాగేసి, చెప్పులు కూడా లేకుండా మిగతా మూడు బ్లాకులకూ పరుగెత్తింది. ప్రతిచోటా ఒకటి. నాలుగూ పీక్కుని పైకొచ్చి నా మూత ఎత్తింది. అద్దం మీద మాస్టారి మూడో పేజీ.

“ఎవరో మిషన్ని హ్యాక్ చేశారు,” అన్నాడు ఫణీంద్ర, నురగ కారుతున్న బ్రష్షుతోనే. “రష్యా వాళ్లకిదే పని.”

“రష్యా వాళ్లొచ్చి మన లిఫ్టు దగ్గర పిన్నులు గుచ్చి పోయారా?”

ఆవిడ నా మీటలు నొక్కి లెక్కల పేజీ తీసింది. నా పొట్టలో అన్నీ రాసే ఉంటాయి, అడిగేవాళ్లే ఉండరు. జిరాక్సులు మొత్తం ఏడు అని చెప్పాను. మొదటిరోజు ఆధార్‌వి మూడు. ఎనిమిది నెలల్లో ప్రసూన ఒక్క జిరాక్సూ తీయలేదు.

“నాలుగు. ఇంట్లోనే ఎవరో తీశారు. మామయ్య తెల్లారకముందే మేడెక్కారు, దిగాక అడుగుతాను. మీరు తీశారా?”

“నేనా? వైఫై ఆపేసిన రోజు నుంచి దాని మొహమే చూడట్లేదు,” అన్నాడు ఫణీంద్ర. తర్వాత గొంతు తగ్గించాడు. “నా మాట విను. పీకేశావుగా. ఎవరూ చూసుండరు. కిమ్మనకుండా ఊరుకో.”

“బి బ్లాకులోనే పదో తరగతి పిల్లలు నలుగురున్నారు. వాళ్లు చూసుంటే, చూడని పిల్లల గతేంటి?”

“చెబితే నీ పని పోద్ది ప్రసూనా.”

ఆవిడ తలుపు మీది తన పేరు వంక ఒక్క క్షణం చూసింది. ఫోను తీసి సంపూర్ణమ్మగారికి చేసింది.

తొమ్మిదిన్నరకల్లా సంపూర్ణమ్మగారు ఆటో దిగింది. చేతిలో కొత్త ప్రశ్నలు. మొహంలో పాత సంతకం.

“పేపరు మార్చేశాను. ఇప్పుడే నా కళ్లముందే కొట్టు,” అంది. “అది రెండు గంటల పని. కానీ ఈ మిషన్ ముట్టిందెవరో నాకు తెలియాలి. చెప్పావు కాబట్టి వచ్చాను. ఎవరో తేలకపోతే మాత్రం, ప్రసూనా, ఇదే నా దగ్గర నీకు ఆఖరి పేపరు.”

ప్రసూన తలూపి, టైపు చేయడానికి కూర్చుంది. అక్షరానికో తప్పు పడుతోంది. చెరపడం, మళ్లీ కొట్టడం. నేను వేడెక్కి ఎదురుచూస్తున్నాను.

సరిగ్గా పదింటికి వంటింటి కుళాయి ఒకసారి దగ్గి ఆగిపోయింది. మరో ఐదు నిమిషాలకు తలుపు దబదబ మోగింది. డి బ్లాకు మస్తాన్‌వలీ. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా సబ్బు నురగ.

“పానకాలరావుగారేరీ? ట్యాంకు కడిగించే మనిషి ముందు చెప్పొద్దా? సగం గడ్డంతో ఆఫీసుకెళ్లమంటారా నన్ను?”

పానకాలరావు ఈ అపార్ట్‌మెంట్ సంఘానికి ఆరేళ్లుగా కార్యదర్శి. తెల్లవారుజాము నుంచి పైన ట్యాంకు దగ్గర మనుషుల్ని పెట్టి కడిగిస్తున్నాడు. కింద గోల విని, పంచె మోకాళ్ల దాకా మడిచి, తడికాళ్లతో దిగొచ్చాడు.

“చెప్పకుండా ఎట్టా చేస్తానయ్యా? నిన్న మధ్యాహ్నమే నోటీసు పెట్టా! నాలుగు బ్లాకుల్లో, నా చేత్తో!”

“ఏదో కాగితం ఉంది సార్. నిన్న సాయంత్రం లిఫ్టు కోసం పది నిమిషాలు దాని ముందే నిలబడ్డాను. మీదే కదా అని చదవలేదు.”

“అద్గదీ! చదవరు. పైగా నా మీదకొస్తారు. ఆగు, ఒరిజినల్ చూపిస్తా!”

విసవిసా లోపలికెళ్లి ఫైలు తెచ్చాడు. అందులోంచి, తన గుండ్రటి చేతిరాతతో ఉన్న కాగితం తీసి మస్తాన్‌వలీ నురగ ముందు ఆడించాడు. ‘నీళ్ల ట్యాంకు శుభ్రపరచుట గురించి. ఒకటి, రెండు, మూడు...’

బాల్కనీ గుమ్మంలో కుర్చీ కిర్రుమంది. ప్రసూన లేచి నిలబడింది. తాను పీక్కొచ్చిన నాలుగు కాగితాలను తెచ్చి మామగారి చేతిలో పెట్టింది.

ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. మొదటి కాగితం చూశాడు. రెండోది చూశాడు. మూడోది, నాలుగోది చూడలేదు. ఫణీంద్ర నేల చూపులు చూశాడు. మస్తాన్‌వలీ చెంప మీద నురగ ఎండిపోతోంది.

“మామయ్యా...” అంది ప్రసూన.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. మడిచిన పంచె దించుకుని, బాల్కనీలోకి వచ్చి సంపూర్ణమ్మగారి ఎదుట నిలబడ్డాడు.

“మిషన్ ముట్టింది నేనమ్మా. మా అమ్మాయి వద్దని చెప్పింది, నేను విన్లేదు. నిన్న అది మీ స్కూలుకు బయల్దేరేదాకా కాచుకుని, దొంగలాగా వచ్చా ఈ గదిలోకి. ఎందుకంటారా? ఆరేళ్లుగా నోటీసులు చేత్తో రాసి అంటిస్తన్నా. ఒక్కడూ చదవడు. జిరాక్సు కాయితమైతే ఆఫీసు సర్క్యులర్ లాగా ఉంటది, కనీసం భయానికన్నా చదువుతారనుకున్నా. కాయితం పైన పెట్టా, నాలుగు నొక్కా, నాలుగొచ్చినయ్. చేతిరాత కనపడింది, అంకెలేసి ఉన్నయ్, నాదే అనుకున్నా. కళ్లజోడు జేబులోనే ఉంది. తీయలేదు. పని ఆపాలంటే నన్నీ గది గుమ్మం తొక్కకుండా ఆపండి, దాని పని ఆపొద్దు. మీరిక్కడున్నారంటేనే తెలుస్తంది, అది నిజం దాచలేదు. పేపరు ఎవరన్నా చూశారా అంటే, ఈ వలీని అడగండి, ఎవరూ చూసుండరు. చదవరు చదవరని ఈ నాలుగు బ్లాకుల్నీ ఆరేళ్లుగా తిడతన్నానమ్మా. నిన్న నాలుగు బోర్డులు తిరిగి, నాలుగుసార్లు నా చేత్తోనే పిన్నులు గుచ్చా. నేనూ చదవలేదు.”