రికార్డుల ఉండిపోతది

నేను ఒక తెల్లకోటును. డాక్టర్లు వేసుకునే రకం కాదు, అంత అదృష్టం లేదు. డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పిల్లలు తొడుక్కునే రకం. ముందే చెప్పేస్తున్నాను, నేను పుట్టు పిరికిదాన్ని. యాసిడ్ సీసా మూత తీసిన చప్పుడైతే చాలు, నా మడతలన్నీ బిగుసుకుపోతాయి. ధైర్యవంతుల కథలు కావాలంటే పోలీసు లాఠీని అడగండి. నా దగ్గరున్నది భయం ఒక్కటే, అదే చెబుతాను.

కాలేజీ గేటు ఎదురుగా ఉన్న టైలర్ నన్ను కుట్టాడు. జూన్ నెలలో ఆయన ఎవరికీ కొలతలు తీయడు. రెండు వందల తెల్లకోట్లు ఒకే కొలతకు కత్తిరిస్తాడు. లావుపాటి వాళ్లకు బిగుతు, సన్నటి వాళ్లకు వదులు, ఎవరికీ సరిపోదు కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదని ఆయన వాదన. కుట్టు అయ్యాక బొగ్గుల ఇస్త్రీపెట్టె నా వీపు మీదికి వచ్చింది. నా మొదటి భయం అది.

నా మొదటి యజమాని విద్యాసాగర్ అనే కుర్రాడు. అతనికి భయమంటే ఏమిటో తెలియదు, అందువల్ల ఆ భయం కూడా నేనే పడాల్సి వచ్చింది. స్నేహితుడితో నవ్వుతూ యాసిడ్ ఉన్న పిపెట్ ఊపాడు, నా కుడి చేతి అంచు మీద మూడు చిల్లులు పడ్డాయి. అతను వాటిని అందరికీ గర్వంగా చూపించాడు. తర్వాత శిరీష వచ్చింది. నా జేబులో పల్లీలు పోసుకుని, ప్రయోగం చేస్తూ ఒక్కొక్కటీ నోట్లో వేసుకునేది. ఆ మూడేళ్లూ ఏ విషం ఎవరి కడుపులోకి పోతుందోనని నాకు నిద్ర లేదు. ఆమెకు మాత్రం ఫస్టు క్లాసు వచ్చింది, పెళ్లి కూడా అయింది. నన్ను బీరువా మీద పడేసి వెళ్లిపోయింది.

అక్కడే హాయిగా ఉండేదాన్ని. కానీ మా కాలేజీ ఒక కొత్త పద్ధతి పెట్టింది. పక్కనున్న హైస్కూళ్ల నుంచి పదో తరగతి పిల్లల్ని కొందరిని ఎంచుకుని, డిగ్రీ వాళ్లతో పాటు ఒక్క కోర్సు చదవనిస్తారు. పాసైతే రేపు డిగ్రీలో చేరినప్పుడు అది లెక్కలోకి వస్తుంది. మా ఊరి సర్కారు బడి నుంచి ఒక్క పిల్లే ఎంపికైంది. పేరు గుండేటి లహరి, శిరీషకు పిన్ని కూతురు. నీటి పరీక్షల కోర్సు తీసుకుంది. ఎందుకు తీసుకున్నావని ఎంపికలో అడిగితే, "మా వాడకట్టు బోరు నీళ్లల్ల పప్పు ఉడకది సార్. ఎందుకు ఉడకదో చూద్దామని" అందట. అలా నేను బీరువా మీది నుంచి దిగి, మోకాళ్ల కిందిదాకా వేలాడుతూ లహరి భుజాల మీదికి వచ్చాను. తొడుక్కోగానే ఆమె గుండె చప్పుడు వినిపించింది. నాకంటే పిరికిది దొరికిందని అర్థమైంది.

మొదటి రోజు ఆఫీసు సార్ వచ్చి కొత్త పిల్లలందరికీ నాలుగు పేజీల కాగితం పంచాడు. "ఒక్క మాట యాదిపెట్టుకోండ్రి," అన్నాడు. "ఇది బడి కాదు. ఇక్కడ వచ్చిన గ్రేడు మీ రికార్డుల పర్మనెంటుగ ఉండిపోతది. మీరు ఏడ చేరినా ఎంబడి వస్తది. మీతోని కాదనిపిస్తే ఆగస్టు ముప్పై సాయంత్రం నాలుగింటి లోపల మేడం సంతకంతోని ఫారం ఇచ్చి పేరు తీసేసుకోండ్రి. ఆ తర్వాత నడువది."

లహరి ఆ కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి నా జేబులో పెట్టుకుంది. చదవలేదు. అంత ముఖ్యమైన కాగితం కదా, పాడవుతుందని దాచుకుంది. మనుషులు ముఖ్యమైన కాగితాలతో చేసే పని ఇదే. నాకు వేరే పని లేదు కాబట్టి నేనే చదివాను.

గంట తర్వాత ల్యాబులోకి ఫర్హానా మేడం వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే అడిగిన మొదటి ప్రశ్న, "అందరు రికార్డులు తెచ్చుకున్నరా?" కాలేజీలో రికార్డంటే ప్రయోగాలు రాసుకునే లావుపాటి పుస్తకం. డిగ్రీ పిల్లలందరూ బ్రౌను అట్టలు వేసిన పుస్తకాలు బల్ల మీద పెట్టారు. లహరికి ఆఫీసు సార్ మాట గుర్తొచ్చింది. పర్మనెంటుగా ఉండిపోయేది ఇదేనన్నమాట! దీంట్లో ఏం రాస్తే అది బతికినన్నాళ్లూ వెంట వస్తుందన్నమాట! కాదని చెప్పడానికి నాకు నోరు లేదు.

ఆ రోజు నుంచి ఆ పుస్తకాన్ని ముట్టుకోవాలంటే ఆమెకు వణుకు. బయట పేపరు మీద మూడుసార్లు రాసుకుని గానీ పుస్తకంలోకి ఎక్కించేది కాదు. బడిలో అయితే హోంవర్కు చేయలేదని నిలబెట్టేవాళ్లు, నోటుబుక్కు చూపించమనేవాళ్లు. ఇక్కడ ఎవరూ అడగరు. అడగకపోవడాన్ని మించిన భయం ఇంకోటి లేదని నేను ఆమె చెమటను బట్టి తెలుసుకున్నాను.

మూడో వారం నీటి కాఠిన్యం ప్రయోగం. ఎవరి నీళ్లు వాళ్లు తెచ్చుకోవాలి. లహరి తమ బోరు నీళ్లు సీసాలో తెచ్చింది. ఫ్లాస్కులో నీళ్లు పోసి చిటికెడు రంగు పొడి వేస్తే ఎర్రబడతాయి. పైనున్న బ్యూరెట్ నుంచి మందు చుక్క చుక్కగా వదిలితే ఒక చుక్క దగ్గర నీలంగా మారతాయి. ఎంత మందు పట్టిందో అంత కాఠిన్యం. పక్కనున్న డిగ్రీ అక్కకు మూడు పాయింట్ రెండు మిల్లీలీటర్ల దగ్గరే నీలం వచ్చేసింది. లహరికి మూడు దాటింది, ఐదు దాటింది, పది దాటింది, ఇంకా ఎరుపే. నా చంకలు తడిసిపోయాయి. పద్నాలుగు పాయింట్ ఆరు దగ్గర వచ్చింది నీలం.

ఆమె చుట్టూ చూసింది. ఎవరిదీ నాలుగు దాటలేదు. ఫ్లాస్కు తీసుకెళ్లి సింకులో ఒంపేసింది. పర్మనెంటుగా ఉండిపోయే పుస్తకంలో తప్పు ఎలా రాస్తుంది పాపం? అందమైన అక్షరాలతో మూడు పాయింట్ రెండు, మూడు పాయింట్ రెండు, మూడు పాయింట్ రెండు అని రాసి ఇచ్చేసింది.

వారం తర్వాత పుస్తకం తిరిగి వచ్చింది. ఆ పేజీ కింద ఆకుపచ్చ సిరాతో ఒకటే వాక్యం. 'స్టాఫ్ రూముకు వచ్చి కలువు.'

మీరు ఏ బడిలో చదివారో నాకు తెలియదు గానీ, లహరి చదివిన బడిలో స్టాఫ్ రూముకు రమ్మంటే అర్థం ఒక్కటే. అక్కడ నలుగురు సార్ల ముందు నిలబడాలి, తిట్లు తినాలి, మర్నాడు అమ్మను తీసుకురావాలి. లహరి అమ్మ బీడీలు చుడుతుంది. ఒక పూట బడికి వస్తే ఆ పూట పని పోయినట్టే. దొంగరాత దొరికిపోయింది, పేరు కొట్టేస్తారు, బడి పరువు పోతుంది, ఇదంతా పర్మనెంటుగా ఉండిపోతుంది. ఆమె ఆ తర్వాతి రెండు ల్యాబులకు రాలేదు. నేను వాళ్లింట్లో మేకుకు వేలాడుతూ, రోజూ ఉడకని పప్పు వాసన చూస్తూ భయపడ్డాను. ఆమె లాగా గోళ్లు కొరుక్కోవడానికి నాకు గోళ్లు కూడా లేవు.

నిజానికి ఆమె భయాలన్నిటికీ జవాబు నా జేబులోనే, ఆమె గుండెకు జానెడు దూరంలోనే ఉంది. రెండో పేజీలో ఉంది: మంగళ, గురువారాలు మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా సందేహాలుంటే స్టాఫ్ రూముకు రావచ్చు. మూడో పేజీలో ఉంది: తప్పిన ప్రయోగాన్ని ఒకసారి మళ్లీ చేసుకోవచ్చు. హైస్కూలు నుంచి కాలేజీ పాఠానికి వచ్చే పిల్లలకు ఈ పిరికికోటు చెప్పగలిగింది ఇదొక్కటే. ధైర్యం తర్వాత తెచ్చుకోవచ్చు, ముందు ఆ కాగితం విప్పండి.

ఆగస్టు ముప్పై గురువారం వచ్చింది. లహరి పేరు తీసేసుకోవడానికి నిర్ణయించుకుంది. తీసేసుకోకపోతే చెడ్డ గ్రేడు వస్తుంది, అది నిజంగానే ఎన్నటికీ పోని మచ్చ. ఆఫీసులో ఫారం తీసుకుని చూస్తే మేడం సంతకం కావాలని ఉంది. ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఏ గదికి భయపడి పారిపోతుందో, పారిపోవాలన్నా ఆ గదికే పోవాలి. గంట రెండున్నర.

తలుపు దగ్గర ఆమె పది నిమిషాలు నిలబడింది. నా బొత్తాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే దారం తెగింది.

"ఎవరది? లోపలికి రా బేటా," అంది ఫర్హానా మేడం. చూసి గుర్తుపట్టింది. "రెండు వారాలైంది రమ్మని రాసి. ఇన్నిరోజులు ఏడికి పోయినవ్?"

లహరి ఫారం, రికార్డు పుస్తకం ముందు పెట్టి ఏడ్చేసింది. మేడం సంతకం పెట్టింది. అవును, మారుమాట లేకుండా పెట్టేసింది. నాకు కాళ్లు లేవు గానీ ఉంటే కూలబడేదాన్ని.

"నాలుగింటి దాక టైముంది. ఇచ్చుడో మానుడో నీ ఇష్టం," అంది మేడం. "నేను పిలిచింది గీ ముచ్చట అడుగుదామని. మీ బోరు నీళ్లల్ల పప్పు ఉడకదని చెప్పి గదా చేరినవ్?"

"అవును మేడం."

"మరి నువ్వు రాసిన నీళ్లల్ల పప్పు మంచిగ ఉడుకుతది బేటా. ఇవి మీ బోరు నీళ్లు కావు. మీయి ఏమైనయ్?"

"పద్నాలుగు పాయింట్ ఆరు వచ్చింది మేడం. అందరికి మూడు వచ్చింది. నాది తప్పనుకున్న. రికార్డుల తప్పు రాస్తె పర్మనెంటుగ ఉండిపోతదని…"

మేడం ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆమె వైపు చూసింది. నవ్వలేదు. ఆమె నవ్వి ఉంటే ఆ పిల్ల ఇక ఎప్పటికీ వచ్చేది కాదు.

"అయ్యో పిచ్చితల్లీ. ఆ రికార్డు వేరు. అది ఆఫీసు కంప్యూటర్ల ఉంటది, ఆఖరి గ్రేడొక్కటే ఉంటది అండ్ల. ఇది ఎండాకాలం రాంగనే పాత కాయితాల కింద తూకానికి పోతది. తప్పులు రాసుకునేటందుకే ఇచ్చినం ఇది. పద, మల్ల చెయ్యి."

ల్యాబు ఖాళీగా ఉంది. లహరి బోరు నీళ్ల సీసా ఇంకా అరలోనే ఉంది. నా చిల్లుల అంచు బ్యూరెట్‌కు తగులుతూనే ఉంది. మొదటిసారి భయానికి బ్యూరెట్ మర ఎక్కువ తిరిగి పదిహేను పాయింట్ మూడుకు పోయింది. ఆమె మేడం వైపు చూసింది. మేడం కిటికీలోంచి బయటికి చూస్తోంది. లహరి పెన్ను తీసి, పుస్తకంలోనే, పదిహేను పాయింట్ మూడు అని రాసి, దాని మీద ఒక గీత కొట్టింది. తర్వాత రెండుసార్లూ పద్నాలుగు పాయింట్ ఆరే వచ్చింది. మేడం వచ్చి కొట్టేసిన అంకె పక్కనే సంతకం పెట్టింది. గడియారం నాలుగున్నర చూపిస్తోంది. సంతకం పెట్టిన ఫారం నా జేబులోనే ఉండిపోయింది. ఆదివారం నాతో పాటు నీళ్లలో నాని ముద్దయింది.

ఆ కోర్సులో లహరికి 'బి' వచ్చింది. అది ఆఫీసు కంప్యూటర్లో పర్మనెంటుగా ఉంది.

ఈ జూలైలో ఆమె నన్ను ఉతికి ఇస్త్రీ చేయించి, అదే బడి నుంచి ఎంపికైన మనస్విని అనే పిల్లకు ఇవ్వడానికి కాలేజీకి తెచ్చింది. గేటు దగ్గర ఇద్దరూ మిర్చి బజ్జీలు కొనుక్కున్నారు. బజ్జీలు అయిపోయాక లహరి వాటిని చుట్టిచ్చిన కాగితాన్ని ఉండ చేయబోయి ఆగిపోయింది. తూకానికి పోయిన తన రికార్డు పుస్తకంలోని పేజీ అది. గీత కొట్టిన పదిహేను పాయింట్ మూడు, పక్కన ఆకుపచ్చ సంతకం.

"అక్కా, ల్యాబుల తప్పు రాస్తె రికార్డుల ఉండిపోతదట గదా?" అని మనస్విని అప్పుడే అడిగింది.

లహరి ఆ నూనె కాగితాన్ని ఆమె చేతిలో పెట్టింది. "ఇగో, ఉండిపోయింది చూడు. గ్రేడు మాత్రం నిజంగనే ఉంటది. ఇయ్యాల నాలుగు పేజీల కాయితం ఇస్తరు. మడత పెట్టకు, చదువు."

మనస్వినికి ఏం అర్థమైందో నాకు తెలియదు. నన్ను తొడుక్కుని, ఆ నూనె కాగితాన్ని జాగ్రత్తగా మడిచి నా జేబులో పెట్టుకుంది. మరక అంటే నాకు ఎంత భయమో మీరు ఊహించగలరు. నూనె చల్లగా నా గుడ్డలోకి దిగుతుంటే ఒళ్లంతా జలదరించింది. ఇప్పటికి నాలుగు ఉతుకులయ్యాయి, ఆ మరక పోలేదు. ఉండిపోతే ఉండిపోనీ అనుకున్నాను. పుట్టిన దగ్గర్నుంచి నేను భయపడకుండా అనుకున్న మాట అదొక్కటే.