జంగప్ప దిద్దిన మాట

తాండూరులో సమాధి రాళ్లు చెక్కే జంగప్పకు ఒక రోగం ఉంది. తప్పనిపిస్తే దిద్దకుండా ఉండలేడు. తెలుగు లెక్చరర్ నిరోషా నాలుగు పంక్తులు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చినా, ఆఖరి మాట మాత్రం తనకు తోచినట్టే చెక్కేశాడు.

చనిపోయిన చెల్లెలు జ్యోతిరాణి మాట్లాడుతున్నట్టు నిరోషా రాసిన పంక్తులవి. పాతకాలం గ్రీకులకు అదొక ఆచారమని ఆమె ఏదో అనువాదంలో చదివింది. సమాధి రాయి పోయినవాళ్ల గొంతుతో దారినపోయేవాళ్లను పిలుస్తుంది. నేను ఫలానా, ఇట్లా పోయాను, కాసేపు ఆగు అంటుంది. చివరికి ఒక్క మాటతో సెలవు తీసుకుంటుంది. వాళ్ల భాషలో ఆ మాటకు సంతోషంగా ఉండమని అర్థమట. ఎంత గుండెకోత ఉంటే కవిత్వం రాతికెక్కుతుందో నిరోషాకు చెల్లెలు పోయాకే తెలిసింది.

సంతోషంగా ఉండమని రాయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. అందుకే "అమ్మా, పోతున్న" అని ముగించింది. జ్యోతిరాణి నిజంగా అన్న ఆఖరి మాట అదే.

చెల్లెలు పోయిన రోజు పొద్దున, వికారాబాద్‌లోని ఇంట్లో, ఆమె దాచుకున్న నోట్‌బుక్కులో ఒక కవిత కనబడితే, నిరోషా ఎర్రపెన్నుతో అక్షరదోషాలన్నీ దిద్దిపెట్టింది. పెద్ద లొల్లి అయింది. ఆ లొల్లిలో జ్యోతిరాణికి తాండూరు రైలు తప్పిపోయింది. తాండూరులో నర్సు ఉద్యోగం, ఆలస్యమైతే కుదరదు. "అమ్మా, పోతున్న!" అని వాకిట్లోంచి అరిచి స్కూటీ తీసింది. దారిలో వానకు తడిసిన మలుపులో బండి జారి ప్రాణం పోయింది. ఇల్లు దాటేటప్పుడు ఏమన్నా అన్నదా అని తల్లి మొగులమ్మ అడిగితే, ఏమీ అనలేదని నిరోషా అబద్ధమాడింది. నోటితో చెప్పలేని ఆ మాటనే రాతికి రాసిచ్చింది.

ఆరు నెలలకు వికారాబాద్‌లో రాయి నిలబెట్టారు. పాస్టర్ ప్రార్థన ముగించాక, చదువురాని మొగులమ్మ కూతురి వైపు తిరిగి, "సదువు బిడ్డా," అంది. అప్పుడు చూసింది నిరోషా. రాతి మీద "అమ్మా, వస్త" అని ఉంది. అంతమంది ముందు ఏం చేస్తుంది, ఉన్నదున్నట్టు చదివింది.

ఆనాటి నుంచి, జ్యోతిరాణి డ్యూటీ నుంచి తిరిగొచ్చే సాయంత్రం రైలు వేళకు మొగులమ్మ వీధి తలుపు బార్లా తీసి కూర్చుంటోంది. మూడు కంచాలు పెడుతోంది. మూడో కంచంలో అన్నం చల్లారేదాకా తాను ముద్ద ముట్టదు. మనిషి సగమైపోయింది. తల్లి కూడా దక్కదేమోనని నిరోషాకు భయం పట్టుకుంది.

తాండూరు వెళ్లి జంగప్పను నిలదీసింది.

"గడప దాటెటోళ్లు పోతున్న అంటరా మేడం? వస్త అంటరు. మీ సదువుల గా ముచ్చట లేదా?" అన్నాడాయన, ఉలి మీది పొడి ఊదుతూ. చివరికి ఆ మాట చెరిపేయడానికి ఆదివారం వస్తానన్నాడు.

శనివారం సాయంత్రం నిరోషా తల్లి పక్కన కూర్చుంది. "అమ్మా, రాయి మీద జంగప్ప తప్పు చెక్కిండు. రేపు చెరిపిస్త."

మొగులమ్మ మూడో కంచం తుడుస్తోంది. తలెత్తలేదు. "అది పోతున్న అన్నది. నేను వంటింట్లనే ఉన్న. ఇన్న."

నిరోషా తల్లి వైపు జరిగింది. "మరి నన్నెందుకడిగినవే?"

"నువ్వు చెప్తవేమోనని సూసిన బిడ్డా. ఆర్నెల్లు సూసిన." కంచం కింద పెట్టింది. "కోపంల అన్నది పిచ్చిది. పోయినంక మనసు మార్చుకున్నది. వస్త అన్నది. దాని రాతంత దిద్దితివి. గీ ఒక్క మాటన్న ఉండనియ్యవా?"

స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. నిరోషా లేచి, జంగప్పకు రావద్దని ఫోన్ చేసింది. గాలికి సగం మూసుకున్న తలుపును తానే బార్లా తీసి, తల్లి పక్కన గడప మీద కూర్చుని గల్లీ చివరకు చూడసాగింది.