పిడికిలి భార్య

పాలు పొంగిపోతాయేమోనని పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను. మా ఆయన ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "ఒక్క నిమిషం చచ్చిపోయి పడుకో," అన్నాడు. గ్లాసుడు మంచినీళ్ళు ఇమ్మన్నట్టే అన్నాడు.

పొయ్యి కట్టేసి నేల మీద పడుకున్నాను. ఇది నాకు అలవాటైన పనే. ఆయన బొమ్మల్లో బస్సు కింద పడే మనిషి కావాలన్నా, దొంగకి భయపడి గోడకి అతుక్కుపోయే ముసలమ్మ కావాలన్నా ముందు నన్ను అలా నిలబెట్టి ఫోనులో ఫొటో తీసుకుంటేనే ఆయనకి గీత వస్తుంది. చెయ్యి పొయ్యివైపు చాపమన్నాడు, చాపాను. మెడ ఇంకాస్త వంచమన్నాడు, వంచాను. కళ్ళు మూస్తే నిద్రపోతున్నట్టుంది, తెరిచే ఉంచమన్నాడు. అప్పుడే తుడిచిన నేల, వీపంతా తడిసిపోయింది. పక్కగదిలోంచి మా అత్తగారు టీ ఏదని కేకేసింది. "ఇదిగో చస్తోంది, అవగానే తెస్తుందమ్మా," అన్నాడు ఆయన. తల్లీకొడుకులు ఇద్దరూ నవ్వుకున్నారు. నాకూ నవ్వొచ్చింది. చచ్చినవాళ్ళు నవ్వకూడదని కసిరాడు.

పిడికిలి అనే సూపర్‌హీరో కామిక్ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒకప్పుడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ, పసుపు పైపంచె ఎగరేసుకుంటూ, కూలే వంతెనల్ని ఒంటిచేత్తో ఆపే మనిషి. పిల్లలు కూడా కొనడం మానేశారు. ప్రచురణవాళ్ళు మూసేద్దామనుకున్నారు. అలాంటివాణ్ణి మా ఆయనా, గడ్డం అని మేం పిలిచే ఆయన రచయిత స్నేహితుడూ కలిసి మార్చేశారట. ఇప్పుడు వాడు నవ్వడు. భార్యతో అద్దెఇంట్లో ఉంటాడు. దొంగల్ని పోలీసులకి అప్పగించడు, మోకాళ్ళు విరగ్గొడతాడు. పెద్దవాళ్ళు చదువుతున్నారు. పత్రికలవాళ్ళు వచ్చి మా హాల్లో కూర్చుని, ఈ చీకటి మీకు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగి వెళ్తున్నారు. మా ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, మనిషి లోపల ఉండే ఏదో లోయ గురించి చెబుతాడు. వాళ్ళకి టీ ఇచ్చేది నేను.

ఆ చీకటి ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను చెబుతాను. మా ఆయన లేత నీలం పెన్సిలుతో బొమ్మ గీస్తాడు. ఆ నీలం అచ్చులో పడదు. దాని మీద సిరాతో నేను ఏది వేస్తానో అదే పుస్తకంలోకి వెళ్తుంది, వెయ్యనిది పోతుంది. పెళ్ళైన కొత్తలో సరదాగా చేయిపట్టి నేర్పాడు. తర్వాత నేను బాగా వేస్తున్నానని తను మానేశాడు. సరిగ్గా ఆఖరి సంచిక అనుకున్న దాని పేజీలు నా బల్ల మీద ఉన్నప్పుడు అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో ఆవిడ పక్కన ఉండేది నేను, ఇంటికొచ్చి వండేది నేను, పేజీలు ముగించేదీ నేనే. ఊరంతా గీసి పెట్టాడు ఈయన, ఒక్కో మేడకి కిటికీలే కిటికీలు. అన్నిటికీ చువ్వలు కూడాను. అవన్నీ వేసే టైము నాకెక్కడిది? సీసా వంచి మేడలకి మేడలే నలుపు పులిమేశాను. వాడి పైపంచె మడతలు వెయ్యలేక అది కూడా నలుపు చేసేశాను. నవ్వు వెయ్యాలంటే పళ్ళు ఒక్కొక్కటీ గీయాలి, అందుకని మొహంలో సగం నీడలోకి తోసేశాను.

చూసి మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. బొగ్గులకొట్టు చేశావన్నాడు. మళ్ళీ వేసే వ్యవధి లేక అలాగే పంపాడు. పుస్తకం వచ్చాక ఎడిటరు ఫోన్ చేసి, ఇలాంటిది ఇంతవరకూ చూడలేదన్నాడు. "చాలా కాలంగా ఈ దిశలో ఆలోచిస్తున్నానండి," అన్నాడు మా ఆయన. అప్పుడు నేను అత్తగారి బెడ్‌పాన్ కడగడానికి తీసుకెళ్తూ ఆయన పక్కనుంచే వెళ్ళాను.

పుస్తకం మొదటి పేజీలో నా పేరు కూడా వేస్తారా అని అడిగితే, గీత నాదైతే దాని మీద దిద్దడానికి పేరెందుకు అన్నాడు. అత్తగారు, "గోడకి సున్నం వేసినవాడు ఇల్లు నాదంటాడా?" అని అడిగింది. తుంటి బాగా అతికినట్టుంది, ఆ పూట లేచి కూర్చుని మరీ అడిగింది. గడ్డం మాత్రం మర్యాదస్తుడు. చెల్లెమ్మా, నీ చెయ్యి లేకపోతే మేం లేమమ్మా అంటాడు, ఇంకో కప్పు టీ అడిగే ముందు.

ఆ తర్వాత ఈ ఇంట్లో జరిగిందల్లా వాళ్ళకి సరుకైపోయింది. ఒకరోజు కూర చల్లారిందని మా ఆయన కంచం గోడకేసి కొట్టాడు. ముక్కలు నేను ఏరాను. నెల తిరక్కుండా పిడికిలి తన అద్దెఇంట్లో కంచం గోడకేసి కొట్టాడు. ఆ ముక్కలూ నేనే, ఒక్కొక్కటీ, సిరాతో వేశాను. ఆ పేజీలో ఎంత నిజాయితీ ఉందో అని ఎవరో వ్యాసం రాశారు. కళ అంటారు దీన్ని. అననివ్వండి.

ఇప్పుడు పిడికిలి భార్య చావాలట. ఆమె చస్తేనే వాడిలో అసలు చీకటి బయటపడుతుందని గడ్డం మా సోఫాలో కూర్చుని చెప్పాడు. వాడి శత్రువులు ఇంట్లో దూరి వంటింట్లో చంపేస్తారు. వాడొచ్చి చూసి మోకాళ్ళ మీద కూలబడతాడు. మరి ఆమెకేమవుతుంది అని అడిగాను. చచ్చిపోయిందిగా చెల్లెమ్మా, ఇంకేమవుతుంది అని నవ్వాడు.

వాళ్ళకి ఆమె అంతే. నాకు అంత కాదు. ఆమె కనబడిన మొదటి సంచిక నుంచీ ఆమెని నేనే వేస్తున్నాను. మా ఆయన ఆమెని తలుపు దగ్గరో కిటికీ దగ్గరో నాలుగు గీతల్లో నిలబెట్టి వదిలేసేవాడు. జాకెట్టు చేతులు పైకి మడిచింది నేను. జుట్టుకి రబ్బరు బ్యాండు పెట్టింది నేను. మణికట్టు మీద నూనె చిట్లి కాలిన మచ్చ వేసింది కూడా నేనే, అలాంటిది నాకూ ఉంది. ఎవరూ చూడలేదు, నాకూ ఎవరైనా చూడాలని లేదు. అన్ని పేజీల్లోనూ వాడు గాల్లో ఎగురుతుంటే ఆమె ఇంట్లో ఉండేది. తలుపు దాటి ఒక్క అడుగు వేయించాలని నాకు ఎన్నిసార్లో అనిపించింది, కానీ నీలం గీత ఎక్కడుంటే అక్కడే వెయ్యాలి. నేను వెళ్ళేది మాత్రం ఎక్కడికి? వంటగది, అత్తగారి గది, ఈ బల్ల. మళ్ళీ వంటగది.

ఈ వేళ అత్తగారికి మందులిచ్చి బల్ల ముందు కూర్చున్నాను. పొయ్యి వేశాను, తలుపు వేశాను, మోకాళ్ళ మీద పడిన పిడికిలిని వేశాను. వాడి వీపంతా మంచి చిక్కటి నలుపు. నేల మీద నీలంగా ఆమె మిగిలింది. నా మెడ, నా చెయ్యి, తెరుచుకున్న నా కళ్ళు. బ్రష్షు ముంచాను. సిరా బొట్టు కొసకి చేరి వేలాడుతోంది. చెయ్యి కిందికి దిగలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చి చూసి, ఇదేంటి, ఇక్కడ ఖాళీగా ఉంది అన్నాడు. వెయ్యనన్నాను. ముందు కోప్పడ్డాడు. తర్వాత కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు, పెళ్ళైన కొత్తలో కూర్చున్నట్టు. ఎడిటరు కాచుకుని ఉన్నాడు, ఈ పేజీ ఆగితే అచ్చు ఆగిపోతుంది అన్నాడు.

"సరే, నీ పేరు వేయిస్తాను," అన్నాడు. "ఈ సంచికలోనే. నా పేరు కిందే. ఇంక వేసెయ్."

ఎన్నేళ్ళుగానో కావాలనుకున్న మాట. అబద్ధమెందుకు, ఆ మాటకి చెయ్యి దానంతటదే బ్రష్షు అందుకుని మళ్ళీ సిరాలో ముంచింది. అచ్చులో నా పేరెలా ఉంటుందో కూడా కనిపించింది. దాని కిందే నేల మీద పడి ఉన్న ఆమె కూడా కనిపించింది.

"ఆమె పేరేంటండీ?" అన్నాను.

"ఎవరి పేరు?"

"పిడికిలి భార్య పేరు."

అల్మారాలో వరసగా ఉన్న పాత సంచికలవైపు చూశాడు. వెతికినా దొరకదని నాకు తెలుసు. ఆ మాటలబుడగలన్నీ నేను దిద్దినవే, ఏ బుడగలోనూ ఆమెని ఎవరూ పేరుపెట్టి పిలవలేదు. చివరికి గడ్డానికి ఫోన్ చేశాడు. రెండు నిమిషాలు ఊఁ, ఊఁ అన్నాడు. అవతలివాడి నవ్వు నాకూ వినిపించింది. ఫోను చేత్తో మూసి నావైపు తిరిగాడు.

"పెట్టలేదట. ఎలాగూ చచ్చేదానికి ఇప్పుడు పేరెందుకంటున్నాడు."

బ్రష్షు కొసనున్న సిరాని గుడ్డకి తుడిచేశాను.

"అయితే ఆమెని మీరిద్దరే చంపుకోండి," అన్నాను. సీసా మూత బిగించాను, ఆయన చేతికి ఊడనంత గట్టిగా.