ప్రయాణమయ్యేవారికి ఒక పాట

మాగ్దలేనా నది ఒడ్డునున్న ఆ ఊళ్లో మధ్యాహ్నం అన్నాల వేళకు ప్రతి ఇంటా రేడియోలో నెల్సీ గొంతే. ఫోను చేసి ఎవరి పేరు చెబితే వాళ్లకు కుంబియా పాటో, సాల్సా పాటో అంకితమిచ్చి వేసేది. పుట్టినరోజులు, అలకలు, దొంగచాటు ప్రేమలు అన్నీ ఆ రేడియోలోనే ఊరికి తెలిసేవి.

ఒకరోజు మెత్తని గొంతు మనిషెవరో ఫోను చేశాడు.

"పడవల మెకానిక్ అబెలార్దోకి మంచి కుంబియా వెయ్యమ్మా. ప్రయాణమవుతున్నాడు, పాపం."

"చెప్పకుండా ఏ ఊరు పోతున్నావయ్యా అబెలార్దో? పోయేముందు ఓ చిందెయ్యి!" అని నవ్వుతూ వేసింది నెల్సీ. ఆ వారమే అతని పడవ ఖాళీగా కొట్టుకొచ్చింది. ఆ తర్వాత, చిత్తడి నేలలు పశువుల ఆసాములకు అమ్మొద్దని సభ పెట్టిన పంతులమ్మ లెయొనోర్ కోసం అదే గొంతు పాట అడిగింది. మర్నాడు బడి తెరుచుకోలేదు.

అప్పటినుంచి పాటల వేళయ్యేసరికి ఊళ్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. ఎవరి పేరు వస్తుందో!

ఈసారి ఆ గొంతు మందుల కొట్టు విల్ఫ్రీదో పేరు చెప్పింది. సభలో పంతులమ్మ పక్కన నిలబడ్డ మనిషి.

"నేను ఆ పేరు చదవను," అంది నెల్సీ.

"చదవకపోతే ప్రయాణం ఆగుతుందా తల్లీ? పాట వినకుండా పోతాడు, అంతే."

నెల్సీ ఫోను పెట్టేసి మైకు అందుకుంది. "విల్ఫ్రీదో అన్నా, మీ అత్తగారికి ప్రాణం మీదికొచ్చిందట. పిల్లల్ని తీసుకుని ఉన్నపళాన రేవుకి పో."

అతని అత్తగారు పోయి ఏళ్లయింది. రేడియో స్టేషన్లో ఉన్నవాటన్నిటికన్నా పొడవైన సాల్సా వేసింది నెల్సీ. అది పూర్తయ్యేలోపే అతని పడవ నది మలుపు తిరిగింది.

మళ్లీ ఫోను మోగింది.

"తెలివైనదానివే. ఇంతకీ నీకు ఏ పాటంటే ఇష్టం?"

మర్నాడు ఆమె బర్రాన్‌కీయా నగరానికి బస్సెక్కింది. ఊరు దాటిన కాసేపటికే డ్రైవరు రేడియోలో, ఆమె స్థానంలో కూర్చున్న పొరుగూరి కొత్తపిల్ల హుషారుగా చదివింది: "ప్రయాణమైన మన నెల్సీ అక్కకి ఒక చక్కని బొలేరో పాట!"

బస్సంతా ఆమెవైపు తిరిగింది. పక్కనున్న చేపలావిడ ఆమె మెడ పట్టి సీటు కిందికి వంచింది. "కదిలావంటే చంపుతా," అని గొణిగి తట్టలు అడ్డం పెట్టింది.

మలుపులో మోటారు సైకిళ్లు అడ్డొచ్చాయి. ఒకడు బస్సెక్కాడు.

"నెల్సీ ఉందా ఇందులో?"

"ఏ నెల్సీ? చేపలు కావాలంటే చెప్పు, పొద్దున పట్టినవే. లేదంటే దారివ్వు నాయనా, ఎండకి కుళ్లిపోతున్నాయి," అంది చేపలావిడ.

మిగతావాళ్లంతా కిటికీల వైపు తిరిగారు. డ్రైవరు రేడియో కట్టేయబోయాడు.

"ఉండనీ. పాట బాగుంది," అన్నాడు వాడు మెత్తగా.

ఆ గొంతును నెల్సీ తట్టల వెనకనుంచే గుర్తుపట్టింది. కీచుమనకుండా చెయ్యి కొరుక్కుంది. వాడు నిదానంగా దిగిపోయాడు.

బస్సు కదిలింది. బొలేరో అయిపోయింది. కొత్తపిల్ల నవ్వుతూ ఇంకో పేరు చదవడం మొదలుపెట్టింది.